ఎగురని బంగారము

మా అవ్వ పూజగూటిలో అరచేతి వెడల్పు ఇత్తడి భరిణె యొకటి యుండెడిది. కర్పూరపు బిళ్లలు అందులో పోసి, వానిమీద నాలుగైదు మిరియపు గింజలు వేసి, మూతను గట్టిగ తిప్పి బిగించి, "మిరియాలు ఎయ్యకపోతే ఎగిరిపోతాది నాయనా" అని ఆమె చెప్పుచుండగా, రెక్కలు లేని బిళ్ల యెట్లు ఎగురునో తెలియక నేను ఆ భరిణెను చెవికి ఆనించుకొని వినుచుండెడివాడను. ఒక వేసవిలో మూత సరిగా పడక నెలదినములు గడచిన పిమ్మట తెఱచి చూచునప్పటికి బిళ్లలు సగమునకు సగము క్షీణించి, అంచులు అరిగి గుండ్రబడి యుండెను. మిరియములు మాత్రము వేసినవి వేసినట్లే యుండెను. మూత లోపలివైపున మునుపు లేని సన్నని మెఱుపుపొడి అభ్రకపు రజనువలె అంటుకొని కనబడినది. అవ్వ దానిని వ్రేలితో గీచి, "దేవుని సొమ్ము" అనుచు హారతి పళ్లెములోనే విదిల్చినది.

ఎగిరిపోయిన దానిని గూర్చి లోకమంతయు మాటలాడును. తిరిగివచ్చి మూతకు అంటుకొనిన దానిని గూర్చి మాటలాడువారు అరుదు. ఇందుకు మన భాషయే సాక్షి. ఆస్తి గాని, అభిమానము గాని, అప్పు చేసి తెచ్చిన ధనము గాని ఆనవాలు లేక పోయినపుడు "హారతి కర్పూరమువలె హరించిపోయినది" అనుట తెలుగువానికి ఉగ్గుపాలతో అబ్బిన మాట. ఘనపదార్థము ద్రవముగ కరుగకయే వాయువైపోవుటకు పండితులు "ఉత్పతనము" అను పేరు పెట్టకమునుపే ఇల్లాండ్రు "హరించుట" అను క్రియతో ఆ సంగతిని చక్కగ తేల్చిచెప్పిరి. అదే వాయువు ద్రవపు మెట్టు తొక్కకుండ మరల ఘనమగుటకు మాత్రము వాడుకలో మాట లేదు. పాఠ్యపుస్తకములలోని "నిక్షేపణము" ఒక్కటే దిక్కు. ఐనను ఆ మాట నాకు ఇష్టమే. ఏలయన నిక్షేపమనగా మనకు పాతరలోని ధనము, భూగర్భమున పేరుకొనిన ఖనిజము. బంగారు గనుల కోలారు సీమవారికైతే అది బంగారమే. హరించునది ఒకవైపు, నిక్షేపమగునది మఱియొకవైపు. ఈ రెంటి నడుమ మా ఊరి కథయు ఒకటి కలదు.

ముందు భరిణె సంగతి. ఘనపదార్థమున అణువులు ఒకదానినొకటి పట్టుకొని వరుసలు తీరి యుండును గాని ఆ పట్టు అన్నిట నొకే బిగువున నుండదు. ఇనుములోనిది ఉడుముపట్టు, కర్పూరములోనిది సంతలో పిల్లవాడు తండ్రి చిటికెనవ్రేలిని పట్టుకొనిన పట్టు. పైపొరలోని అణువులలో కొన్ని చుట్టునున్న వేడిమిచేతనే వ్రేలు విడిపించుకొని గాలిలోనికి పోవుచుండును, వానిలో కొన్ని మరల బిళ్లమీదనో గోడమీదనో వ్రాలుచుండును. మూత బిగువుగ నున్నచో లోపలి గాలి కర్పూరపు ఆవిరితో నిండి, పోవునవియు వ్రాలునవియు సరిసమానమై బిళ్ల బరువు నిలిచిపోవును. మూత వదులైనచో పోయినవి వీథి పట్టును. కావున కర్పూరమును కాపాడునది మూత. మిరియమునకు అందు పాలు లేదు. ఈ మాట అవ్వతో అనుటకు నాకెన్నడును ధైర్యము చాలలేదు. పగటి యెండకు వెచ్చబడిన గూటిలో లేచిన ఆవిరి, రాత్రి ముందుగ చల్లబడిన ఇత్తడి మూతను తాకి, నీరుగ మారకయే పలుకులు కట్టుటయే ఆ మెఱుపుపొడి.

పచారీ దుకాణములలో "కలరా ఉండలు" అను పేర అమ్ముడుపోవు నాఫ్తలీను గోళీలును ఈ జాతివే. పట్టుపురుగుల సీమయైన కోలారులో పట్టుచీర లేని పెట్టె యరుదు. ఆ చీరల మడతలలో కలరా ఉండ లేని పెట్టె అంతకంటె అరుదు. 80 డిగ్రీల వద్ద గాని కరుగని ఆ ఉండ ఎన్నడు కరగక, తడిచేయక, ఏడాది తిరుగునప్పటికి కందిగింజయంతయై పురుగులను తఱిమివేయును. పసిబిడ్డల పొత్తిళ్లలో మాత్రము దీని నుంచరాదు. కొందఱు శిశువుల రక్తమునకు ఈ ఆవిరి విషము.

ఇక ఒక పదార్థము కరిగి పోవునా, కరుగక పోవునా అనుదానిని నిర్ణయించునది వేడి యొక్కటే కాదు, పీడనము కూడ. ప్రతి పదార్థమునకు ఘన ద్రవ వాయు స్థితులు మూడును కలిసి కాపురముండు ఒకే యొక్క స్థానము కలదు. దానిని త్రికబిందువు అందురు. ఆ బిందువు చెప్పు పీడనమునకు దిగువన ద్రవమను నడిమి మెట్టే యుండదు. నీటికి అది వాతావరణ పీడనములో 0.006 వంతు మాత్రమే కనుక మన లోకమున మంచుగడ్డ కరిగి నీరగును. బొగ్గుపులుసు వాయువునకు ఇంచుమించు 5.1 రెట్లు కనుక, దాని గడ్డయైన పొడి ఐసు సున్నకు దిగువ 78 డిగ్రీల వద్ద చుక్క నీరైన కార్చక తెల్లని పొగలోనికి మాయమగును. ఆ తెల్లని పొగ బొగ్గుపులుసు వాయువని పెండ్లిపందిళ్లలో అనుకొందురు గాని, అది చల్లదనమునకు కూడిన గాలిలోని తేమ. అసలు వాయువు కంటికి కానరాదు.

గని బిడ్డలకు లోతే కొలబద్ద కనుక ఒక లెక్క చెప్పుదును. కోలారు బంగారు గనులలోని చాంపియన్ రీఫ్ గని భూమట్టము క్రింద ఇంచుమించు 3.2 కిలోమీటర్ల లోతునకు దిగినది; అక్కడి రాతి వేడి 60 డిగ్రీలు దాటినది. అంత లోతునను గాలిపీడనము సముద్రతీరమున నుండుదానికంటె పావువంతుకు కొంచెము మించి మాత్రమే అధికము. పొడి ఐసు ద్రవమై కరుగుట చూడదలచినవాడు ఆ గని అడుగునుండి ఇంకను పది కిలోమీటర్లకు పైగా త్రవ్వుకొని పోవలసి యుండును! కర్పూరమున కటువంటి శ్రమ లేదు. దాని త్రికబిందువు 180 డిగ్రీలకు, అర వాతావరణమునకు సమీపమున నున్నది. కావున హారతి పళ్లెములో వెలిగించిన బిళ్ల మంట క్రింద కొంత కరుగును కూడ. కోలారు గనుల పట్టణమైన కేజీఎఫ్‌కు చేరువనున్న కమ్మసంద్ర కోటిలింగేశ్వరుని సన్నిధిలో, 108 అడుగుల మహాలింగము ఎదుట శివరాత్రినాడు వెలుగు కర్పూరమును పరికించి చూచినచో, మండుచున్నది బిళ్ల కాదు, బిళ్లపై లేచిన ఆవిరి యని తెలియగలదు. అయొడిను కరుగదని బడిలో మనము వల్లించినది కూడ పూర్తిగ నిజము కాదు. 114 డిగ్రీల వద్ద అది నిజముగనే కరుగును; ఊదారంగు ఆవిరి సొగసున మైమఱచిన పిల్లలకు అడుగున నున్న ద్రవము కనబడదు, అంతే.

ఈ రాకపోకలు రెండును ఒకే చోట చూడగోరువారు ఫ్రిజ్జు పైఅఱ తెఱచి చూచిన చాలును. మఱచిపోయిన మంచుముక్కలు నెలదినములలో చిక్కిపోవును. అఱ గోడలపై తెల్లని మంచుపొర దళసరియగును. మంచుముక్కనుండి లేచిన ఆవిరియు, తలుపు తీసినపుడెల్ల చొఱబడిన తేమయు నీరు కాకయే గోడనంటి మంచైనవి. ఉదకమండలమున మార్గశిర పుష్యములలో తెల్లవారునప్పటికి పచ్చికపై ఉప్పు చల్లినట్లు పేరుకొనునదియు ఇదియే. మా కోలారు పైరులపై పడునది నీటి మంచు. అక్కడిది పొడి మంచు. ఒకటి ఆకును తడుపును, ఒకటి ఆకును మాడ్చును.

పాత్రలకు తగరపు పూత పూయు కళాయివాడు వీథిలోనికి వచ్చిన దినమును తలచుకొనుడు. తిత్తి ఊది, బొగ్గుల మీద ఇత్తడి గుండిగను ఎఱ్ఱబడునంత కాచి, చిటికెడు నవాసారము చల్లి దూదితో రుద్దునప్పటికి గుప్పున లేచి ముక్కుపుటములను కోయు తెల్లని పొగను ఎవరు మఱతురు? నవాసారము వేడికి ఉన్నదున్నట్లు ఎగురదు. అమ్మోనియా, హైడ్రోజన్ క్లోరైడు అను రెండు వాయువులుగ విడిపోయి పైకెగసి, చల్లని గాలిలో మరల చేతులు కలుపుకొని నవాసారపు పొడిగనే తేలును. ఆ పొగ పొగ కాదు, గాలిలో తేలు ఉప్పు. కావుననే శాస్త్రజ్ఞులు దీనిని శుద్ధమైన ఉత్పతనమనుటకు వెనుదీయుదురు. కళాయివానికి ఆ శంక లేదు. మలినమును నవాసారము తినివేయవలె, తగరము పాత్రను పట్టుకొనవలె. అంతటితో వాని పని తీరినది.

ఇదే ఆట తొలినాటి విద్యుద్దీపములలోను జరిగెను. శివసముద్రపు జలపాతమునుండి 92 మైళ్ల పొడవున తీగెలు లాగి కోలారు గనులకు విద్యుత్తును తెచ్చినది 1902లో. ఆ కార్యమునకు పూనుకొనిన మైసూరు దివాను శేషాద్రి అయ్యరు అంతకు ముందటి యేడే గతించెను. అది గని యంత్రముల కొఱకు వచ్చిన విద్యుత్తు. బెంగుళూరు వీథిదీపములు దాని వెలుగు చూచుటకు ఇంకను మూడేండ్లు పట్టినది. ఆ కాలపు విద్యుద్దీపములలో గాలి తోడివేసిన గాజుబుడ్డి నడుమ బొగ్గుతీగె యుండెడిది. కొంతకాలము వెలిగిన పిమ్మట బుడ్డి లోపలివైపున పొగచూరినట్లు నల్లబారుట చూచినవారు, మంట లేనిచోట మసి యెక్కడిదని విస్తుపోయెడివారు. తెల్లగ కాగిన తీగె కరుగకయే అణువణువుగ ఎగిరిపోయి చల్లని గాజునంటి పేరుకొనుచుండెను. తీగె సన్నగిల్లి తెగిన దినమున దీపము ఆరెడిది. తరువాత వచ్చిన టంగ్‌స్టన్ తీగెయు 3,422 డిగ్రీలకు గాని కరుగనిదైనను ఈ జాడ్యమును తప్పించుకొనలేకపోయినది. 1913లో అమెరికాయందు ఇర్వింగ్ లాంగ్మ్యూర్ అను రసాయనవేత్త బుడ్డిలో జడవాయువును నింపి, ఎగురబోవు అణువులను ఆ వాయుకణములచే గెంటించి తీగె వైపునకే మరలించెను. మా అవ్వ మూత బిగించి చేసిన పనికి ఇది దాయాది.

ఐతే మన దేశమున ఈ ఉత్పతన విద్యను వృత్తిగ నెఱపినవాడు దీపముల పనివాడు కాడు, పాదరసముతో మందులు చేయు రసవైద్యుడు. శ్రీశైలము రససిద్ధుల పేరోలగమని, సిద్ధ నాగార్జునుడు పాదరసమును కట్టి పర్వతమునే పసిడి చేయనెంచెనని మనవారు తరతరములుగ చెప్పుకొందురు. కదిరి ప్రాంతపు వేమనకును పరుసవేది పిచ్చి పట్టెనని కథ. కథలను కథలుగనే యుంచి, శివసముద్రపు విద్యుత్తు కోలారు చేరిన 1902లోనే రసాయనవేత్త ప్రఫుల్లచంద్ర రాయ్ కలకత్తాయందు ప్రకటించిన హిందూ రసాయనశాస్త్ర చరిత్రను తిరగవేసినచో, ఆ సిద్ధులు వట్టి కలలుగన్నవారు కారనియు, పాత్రపై పాత్రను బోర్లించి ఆవిరిని పైకెగయించి పట్టు డమరుయంత్రము మొదలైన ఉపకరణములను చక్కగ నెఱిగినవారనియు తెలియగలదు. "ఊర్ధ్వపాతనము" అను వారి మాటయే మన ఉత్పతనమునకు పెద్దమ్మ.

ఆ రసవైద్యులు రససిందూరమను ఎఱ్ఱని ఔషధమును చేయు విధము ఇట్లుండును. శుద్ధిచేసిన పాదరసమును గంధకముతో కల్వములో వేసి మెఱుపు పూర్తిగ చచ్చి కాటుకవలె నల్లనగువఱకు నూఱుదురు, అది కజ్జలి. మట్టి పూసిన గుడ్డను ఏడు పొరలుగ చుట్టి ఎండబెట్టిన గాజుకుప్పెలో మూడవవంతు మాత్రము ఆ కజ్జలిని నింపి, ఇసుక పోసిన కుండలో కుప్పెను మెడవఱకు పూడ్చి, పొయ్యిమీద నెక్కించి, మొదట మృదువైన మంటయు, పిమ్మట మధ్యమమును, చివఱకు తీవ్రమైన మంటయు పెట్టుదురు. అధికమైన గంధకము పొగలై వెడలి కుప్పె నోట నీలి జ్వాలయై మండును. మెడ పూడుకొని పోకుండ కాల్చిన ఇనుప శలాకను దించి దారి చేయుచుండవలె, లేనిచో కుప్పె ప్రేలును. నీలి జ్వాల ఆరిపోయి, నోటనుండి లోనికి చూచినపుడు అడుగున ఉదయసూర్యునివంటి యెఱుపు గోచరించిన క్షణమున బిరడా బిగించి మంట పెంచుదురు. తొందరపడి ముందు బిగించినచో గంధకము మిగులును. ఆలసించినచో పాదరసము ఎగిరిపోవును. ఈ విద్య మర్మమంతయు ఆ క్షణమును గుర్తించుటలోనే యున్నది. అది గ్రంథము చెప్పదు, గురువు ప్రక్కన నిలువబెట్టి చూపవలె. మఱునాడు తనంతట చల్లారిన కుప్పెను పైకి తీసి, కిరసనాయిలులో తడిపిన త్రాటిని మెడ క్రింద చుట్టి వెలిగించి, అది కాలుచుండగా తడిగుడ్డతో తాకిన తోడనే కుప్పె కత్తితో కోసినట్లు రెండగును. మెడలోపల దట్టముగ, సూదులవంటి రేఖలతో, నిగనిగలాడు ఎఱ్ఱని గడ్డ పేరుకొని యుండును. నల్లనిదై క్రింద నున్నది ఎఱ్ఱనిదై పైకి చేరినది. నడుమ ద్రవము లేదు. రసాయనశాస్త్రము దృష్టిలో ఇదియు నవాసారము చేసిన పనియే: 580 డిగ్రీల దరిదాపున పాదరస గంధకములు విడివడి ఆవిరులై ఎగసి, చల్లని మెడలో మరల కూడి ఇంగిలీకముతో సమానమైన పదార్థమగును. పాదరసపు ఆవిరి ప్రాణాంతకము కనుక ఈ వర్ణన చదివి ఎవరును ఇంటి పెరటిలో పొయ్యి వెలిగింపకుందురుగాక.

ఇప్పుడు బంగారము సంగతి. మకరధ్వజమను పేరుగొన్న ఔషధమునకు ఇదే కుప్పెలో పసిడి కూడ చేరును: బంగారము 1 పాలు, పాదరసము 8 పాళ్లు, గంధకము 16 పాళ్లు. ముందు బంగారపు రేకులను పాదరసముతో నూఱి కలిపి, పిమ్మట గంధకము చేర్చి, పైన చెప్పిన విధముననే వండుదురు. ఔషధము ఎంత యెఱ్ఱగ దిగినను, ఎంత ఖరీదు పలికినను, మెడలో పేరుకొనిన గడ్డను పరీక్షించినచో అందు బంగారము లేశమాత్రమే. అది కుప్పె అడుగుననే కూర్చుండును. కరుగుటకే 1,064 డిగ్రీలు కావలసిన లోహము ఆ ఇసుక వేడికి చలింపదు. మరుగవలెనన్న 2,800 డిగ్రీలు దాటవలె. పాదరసము తనతో కలిసి నూఱబడిన చెలికానిని అడుగున విడిచి, గంధకమును మాత్రము వెంటబెట్టుకొని పైకి పోవును. బంగారము సాన్నిధ్యమాత్రముననే గుణము నిచ్చునని వైద్యులు వాదింతురు. నాకు ఆ వాదమునకంటె వారి యింటి అలవాటు ఎక్కువ నచ్చినది: కుప్పె పగులగొట్టిన పిమ్మట అడుగున మిగిలిన పొడిని వారెవ్వరును పారవేయరు, వేఱుగ పొట్లము కట్టి స్వర్ణభస్మమునకో మఱుసటి కుప్పెకో దాచుకొందురు.

భూమి కూడ బంగారమును ఎగురవేయలేదు. కోలారు శిలలు ఇంచుమించు 270 కోట్ల యేండ్ల నాటివి. లోతులలోని వేడినీటిలో గంధకమును అంటిపెట్టుకొని పసిడి ప్రయాణించునని, పగుళ్లలో పీడనము తగ్గినచోటనో, ఇనుము గంధకమును లాగికొనినచోటనో తోడు కోల్పోయి తెల్లని పలుగు రాతిలో దిగబడునని భూగర్భశాస్త్రజ్ఞులు చెప్పుదురు. రసవైద్యుని కుప్పెలో గంధకము తోడు పాదరసమునకు; భూగర్భమున అదే గంధకపు తోడు పసిడికి. 1802లో లెఫ్టినెంటు జాన్ వారెన్ ఉరిగాము, మారికుప్పము గ్రామములవారు మట్టిని కడిగి పసిడి రేణువులు తీయుట చూచి వ్రాసిపెట్టెను; 1880లో జాన్ టెయిలర్ గనుల సంస్థవారు వచ్చిరి. రాతిని పిండిచేసి, పాదరసము పూసిన రాగిరేకులపై పాఱించి పసిడిని పట్టి, ఆ ముద్దను మూసలో కాచి పాదరసమును బట్టీపట్టి మరల వాడుకొనిరి. అది ద్రవము ఆవిరియై మరల ద్రవమగుట గనుక మన కథలోనిది కాదు. కాని అక్కడను పోయినది పాదరసము, మిగిలినది బంగారమే. పాదరసమునకు చిక్కని పసిడిని పిమ్మట సైనైడు నీటితో కడిగి రాబట్టిరి. నూటయిరువది యేండ్లలో ఇంచుమించు 800 టన్నుల బంగారము తీసి, 2001 ఫిబ్రవరి 28న గనులు మూతబడినవి.

కోలారు వైభవము హారతి కర్పూరమువలె హరించినదని వ్రాయుట పత్రికలవారికి అలవాటైనది. ఆ ఉపమానము నాకు సమ్మతము కాదు. కర్పూరము బూడిదయైన మిగుల్చదు. ఇక్కడ 13 సైనైడు దిబ్బలు, 3 కోట్ల టన్నులకు పైబడిన పిండిరాయి కొండలవలె నిలిచి యున్నవి. ఆ పిండిలో టన్నుకు గ్రామునకు లోపుగ బంగారము ఇంకను కలదు. దానిని తీయు ప్రతిపాదనకు 2024లో కర్ణాటక మంత్రివర్గము సమ్మతించినది. గాలి వీచు దినములలో ఆ దిబ్బలపైనుండి తెల్లని దుమ్ము లేచి దగ్గఱి యిండ్ల గడపలపై, కిటికీ చువ్వలపై, ఆరవేసిన బట్టలపై పడుచుండును. అది ఆవిరి కాదు, అంటుకొని పలుకులు కట్టదు. ఇల్లాండ్రు ప్రొద్దున లేచి చీపురుతో వాకిటిలోనికి ఊడ్చివేయుదురు, సాయంకాలమునకు మరల వచ్చును.